ఆమ్లత్వాన్ని చూపే రంగు అణువును కట్టడం ఎలా?

(తిరుపతిలో రసాయనశాస్త్ర విద్యార్థులు, అధ్యాపకులు, ఆసక్తి గల పట్టణ పౌరుల ఎదుట చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

సభకు నమస్కారం. ఆమ్లత్వాన్ని బట్టి రంగు మార్చుకునే డైలను ఎలా రూపొందిస్తారు, వాటి సాయంతో కాంతి ద్వారా పీహెచ్‌ను, అంటే ఆమ్లత్వపు అంకెను, కొలిచే సెన్సార్లను ఎలా తయారుచేస్తారు అన్నది ఈ రోజు నాకు అప్పగించిన విషయం. ముందు వరుసల్లో ఎమ్మెస్సీ విద్యార్థులు ఉన్నారు. వెనుక వరుసల్లో రసాయనశాస్త్రంతో ఏనాడో తెగతెంపులు చేసుకున్న పెద్దలు ఉన్నారు. ఇద్దరికీ సరిపోయేలా మాట్లాడడం కష్టమే గాని, సమీకరణం ఒకే ఒక్కటి వాడతానని, మిగిలినదంతా మాటల్లోనే చెబుతానని వెనుక వరుసలవారికి మాట ఇస్తున్నాను.

పసుపునీళ్ళలో సున్నం కలిపితే ఎర్రబడతాయని ఈ సభలో తెలియనివారు లేరు. దిష్టి తీసినా, కొత్త దంపతులను గడపలో నిలబెట్టి హారతి పట్టినా ఆ ఎర్రనీళ్ళే. పసుపులోని కర్కుమిన్ అనే అణువు ఆమ్లంలో పసుపుపచ్చగా ఉండి, సున్నం వంటి క్షారం తగలగానే ప్రోటాన్‌ను, అంటే హైడ్రోజన్ అయాన్‌ను, వదులుకొని ఎర్రబడుతుంది. మందారం రసం, శంఖుపువ్వు రసం కూడా తమ తమ పద్ధతుల్లో ఇదే పని చేస్తాయి. వయొలెట్ పువ్వుల పానకం ఆమ్లంలో ఎర్రగాను, క్షారంలో ఆకుపచ్చగాను మారుతుందని రాబర్ట్ బాయిల్ 1664లోనే పుస్తకంలో అచ్చు వేశాడు. కాబట్టి రంగు మారే అణువు దొరకడం ఏనాడూ సమస్య కాలేదు. పెరటి నిండా ఉన్నాయి. మరి సమస్య ఎక్కడ ఉంది?

పసుపునే పరీక్షకు నిలబెట్టి చూద్దాం. పసుపు మరక పడిన పంచెను ఉతికి ఎండలో ఆరేస్తే ఏమవుతుంది? మరక వెలిసిపోతుంది. ఉతికేవారికి అది మేలే గాని, రోజుల తరబడి కాంతి పడుతూ ఉండవలసిన కొలత సాధనానికి అది పనికిరాని గుణం. రెండో సంగతి, క్షార ద్రావణంలో కర్కుమిన్ ఎక్కువసేపు నిలవదు, అణువే విరిగిపోతుంది. మూడో సంగతి, క్షారంలో దాని కరిగే గుణం పెరుగుతుంది కనుక కాగితాన్ని వదిలి నీళ్ళలోకి వచ్చేస్తుంది. అంటే, ఏ ద్రావణాన్ని మనం కొలవాలనుకున్నామో ఆ ద్రావణాన్నే అది రంగు చేస్తుంది. ఒక్కసారి రంగు చూపించి పక్కకు తప్పుకోవడానికి ఇది చాలు, దాన్ని మనం సూచిక అంటాం. సెన్సార్ అంటే ఒకే పొర వేలసార్లు అటూ ఇటూ మారాలి, ప్రతిసారీ అదే పీహెచ్‌కు అదే రంగు చూపాలి, తాను ఉన్నచోటు నుంచి కదలకూడదు. సూచికకు, సెన్సార్‌కు నడుమ ఉన్న ఈ దూరాన్ని అణువు నిర్మాణంలోనే ఎలా దాటవచ్చునన్నదే ఈ ప్రసంగం.

అసలు కాంతి ఎందుకు, పీహెచ్ కొలవడానికి గాజు ఎలక్ట్రోడ్ ఉంది కదా అని మీలో కొందరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. 1909లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్సెన్ పీహెచ్ అనే కొలమానాన్ని ప్రవేశపెట్టాడు. అదే సంవత్సరం హేబర్, క్లెమెన్సీవిచ్ గాజు ఎలక్ట్రోడ్‌ను వర్ణించారు. 1930లలో కాలిఫోర్నియాలో ఆర్నాల్డ్ బెక్‌మన్ నిమ్మరసం పులుపును కొలవడం కోసం దానికి ఎలక్ట్రానిక్ మీటరును జోడించాడు. నేటికీ మన ప్రతి ప్రయోగశాలలోనూ ఉన్నది ఆ వంశంలోని సాధనమే. 25 డిగ్రీల దగ్గర ఒక్కో పీహెచ్ యూనిట్‌కు 59 మిల్లీవోల్టుల చొప్పున, ఎంతో విశాలమైన పరిధిలో సరళరేఖగా జవాబు చెబుతుంది. ఏ డై కూడా ఆ పరిధిని ఒంటరిగా అందుకోలేదు. కాంతి సెన్సార్ అన్నిచోట్లా మెరుగైనదని చెప్పేవారిని నమ్మవద్దని ముందుగానే మనవి చేస్తున్నాను.

అయితే గాజు ఎలక్ట్రోడ్ వెళ్ళలేని చోట్లు ఉన్నాయి. మన చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు పరిశ్రమలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఆ గుజ్జు పారే గొట్టంలో గాజుబుడ్డి పెట్టండి అంటే ఏ నాణ్యత అధికారి ఒప్పుకుంటాడు? పగిలితే ఆ రోజు సరుకంతా పారబోయాలి. పైగా గాజు ఎలక్ట్రోడ్‌కు తోడుగా మరొక నిర్దేశ ఎలక్ట్రోడ్ కావాలి, దాని రంధ్రం గుజ్జుతో పూడుకుపోతుంది. మోటార్ల దగ్గర విద్యుత్ అలజడి ఉంటుంది. రక్తనాళం వంటి ఇరుకైన చోట్ల పరిమాణం అడ్డువస్తుంది. 1980లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన జాన్ పీటర్సన్ బృందం ఈ చివరి ఇబ్బందికే మందు వెదికింది. ఫీనాల్ రెడ్ అనే డైని పాలీఎక్రిలమైడ్ సూక్ష్మగోళాల్లో బంధించి, వాటిని సన్నని డయాలిసిస్ గొట్టంలో నింపి, ప్లాస్టిక్ కాంతి తంతువుల కొసన అమర్చింది. 7.0 నుంచి 7.4 వరకు, 0.01 యూనిట్ సూక్ష్మతతో ఆ సాధనం పీహెచ్ చెప్పింది. మన రక్తం 7.4 చుట్టుపక్కలే ఉండాలి కనుక ఆ చిన్న పరిధి అక్కడ పెద్ద లోపం కాలేదు.

ఇప్పుడు మాట ఇచ్చిన ఆ ఒక్క సమీకరణం. పీహెచ్ = పీకేఏ + లాగ్ (క్షారరూపం ÷ ఆమ్లరూపం). ప్రతి సూచిక అణువుకూ రెండు రూపాలు ఉంటాయి. ప్రోటాన్ ఉన్నది ఆమ్లరూపం, ప్రోటాన్ పోయినది క్షారరూపం. రెండింటి రంగులు వేరు. అణువుల్లో సగం ఒక రూపంలో, సగం మరొక రూపంలో ఉండే పీహెచ్ విలువే ఆ డై తాలూకు పీకేఏ. అక్కడి నుంచి ఒక యూనిట్ పైకి పోతే 91 శాతం క్షారరూపం, రెండు యూనిట్లు పోతే 99 శాతం. ఇది పాఠ్యపుస్తకంలో ఉన్నదే. పాఠ్యపుస్తకం నొక్కి చెప్పనిది ఏమిటంటే, పీకేఏ దగ్గర పీహెచ్ 0.01 మారితే సుమారు 0.58 శాతం అణువులు రూపం మార్చుకుంటాయి. రెండు యూనిట్ల దూరంలో అదే 0.01 మార్పుకు అందులో పాతికో వంతు అణువులే కదులుతాయి. అంటే ఒక డైకి చూపు బాగా ఉన్నది మధ్యలోనే. అంచులకు పోయేకొద్దీ అది దాదాపు గుడ్డిది.

అందుచేత డై రూపకర్త మొట్టమొదట వేసుకోవలసిన ప్రశ్న రంగు గురించి కాదు, ఏ పీహెచ్ దగ్గర కొలవాలి అన్నది. రక్తానికి 7.4 దగ్గర, సముద్రజలానికి 8.1 దగ్గర, మామిడి గుజ్జుకు 4.6 దగ్గర. ఈ 4.6 ఎక్కడిది అంటారా? బోటులినం అనే ప్రాణాంతక బ్యాక్టీరియా విత్తనాలు పీహెచ్ 4.6కు దిగువన మొలకెత్తి పెరగవు. డబ్బాలో నింపే ఆహారానికి ఆ అంకె ఒక సరిహద్దు. మన తోతాపురి గుజ్జు సాధారణంగా 4కు అటూ ఇటూ ఉంటుంది. పండు మరీ మాగితే పులుపు తగ్గి పీహెచ్ పైకి జరుగుతుంది. అప్పుడు సిట్రిక్ ఆమ్లం కలిపి దించుతారు. ఆ జరగడాన్ని గొట్టంలోనే పట్టుకోవాలంటే 4.6 దగ్గర పదునైన చూపు ఉన్న డై కావాలి.

కావలసిన పీకేఏను అణువులోకి ఎలా తెస్తారు? దీనికి మంచి పాఠం వందేళ్ళ క్రితమే ఉంది. అమెరికాలో మాన్స్‌ఫీల్డ్ క్లార్క్, హెర్బర్ట్ లబ్స్ 1917లో సల్ఫోన్‌థాలీన్ కుటుంబపు సూచికల వరుసను బ్యాక్టీరియా శాస్త్రవేత్తల కోసం ప్రచురించారు. మీ ప్రయోగశాల అలమారులో ఆ సీసాలు ఇప్పటికీ ఉంటాయి. వాటి పట్టికను కొంచెం వేరే కంటితో చూడండి. థైమాల్ బ్లూ క్షారం వైపు మార్పు 8.0 నుంచి 9.6 వరకు, దానికి రెండు బ్రోమీన్ పరమాణువులు తగిలిస్తే బ్రోమోథైమాల్ బ్లూ, దాని మార్పు 6.0 నుంచి 7.6 వరకు. క్రెసాల్ రెడ్ 7.2 నుంచి 8.8, రెండు బ్రోమీన్లు తగిలిస్తే బ్రోమోక్రెసాల్ పర్పుల్, 5.2 నుంచి 6.8. ఫీనాల్ రెడ్ 6.8 నుంచి 8.2, దానికి నాలుగు బ్రోమీన్లు తగిలిస్తే బ్రోమోఫీనాల్ బ్లూ, 3.0 నుంచి 4.6. ఏమి కనిపిస్తోంది? ఒక్కో బ్రోమీన్‌కు దాదాపు ఒక్కో యూనిట్ దిగుతోంది. అలమారులో విడివిడిగా కనిపించే సీసాల వెనుక ఇంత క్రమం ఉందని మనం పిల్లలకు చెప్పకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగా అనిపిస్తుంది. పేర్లు కంఠస్థం చేయిస్తాం, వరుస చూపించం.

కారణం తెలిసినదే. ఈ సూచికలన్నిటిలోనూ ఫీనాల్ భాగం ఉంటుంది. ఫీనాల్‌లోని హైడ్రాక్సిల్, అంటే ఆక్సిజన్, హైడ్రోజన్‌ల జంట, ప్రోటాన్‌ను వదిలినప్పుడు ఆక్సిజన్ మీద ఋణావేశం మిగులుతుంది. పక్కన ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గ్రూపు ఉంటే ఆ ఆవేశం పలచబడి నిలకడ పొందుతుంది, కనుక ప్రోటాన్ సులువుగా పోతుంది. మామూలు ఫీనాల్ పీకేఏ 10. ఒక పక్క క్లోరిన్ పెడితే 8.5, రెండు పక్కలా పెడితే 6.8. క్లోరిన్‌కు బదులు పారా స్థానంలో, అంటే వలయంలో సరిగ్గా ఎదుటి మూలన, ఒక నైట్రో గ్రూపు పెడితే 7.15. నైట్రో గ్రూపులు మూడైతే పిక్రిక్ ఆమ్లం, పీకేఏ 0.4, అంటే ఖనిజామ్లాలకు దగ్గర. అటు మీథైల్ వంటి ఎలక్ట్రాన్లు ఇచ్చే గ్రూపు పెడితే 10 దాటి కొంచెం పైకి పోతుంది. ఈ లాగుడు తోపుడులను అంకెల్లో పెట్టే పద్ధతిని 1937లో లూయీ హామెట్ ఇచ్చాడు. కనుక పీకేఏను మనకు కావలసిన చోటికి జరపడం నేటి రూపకర్తకు మరీ కష్టమైన పని కాదు. మామిడి గుజ్జు విషయంలో అదృష్టం కూడా కలిసివచ్చింది. క్లార్క్, లబ్స్ కుటుంబంలోనే బ్రోమోక్రెసాల్ గ్రీన్ మార్పు 3.8 నుంచి 5.4 వరకు ఉంది. మధ్య బిందువు ఎంత? 4.6. అడిగి చేయించుకున్నట్టు ఉంది.

ఇక రంగు. ఇక్కడ రంగు అంటే కంటికి ఇంపుగా ఉండడం కాదు, కాంతి మూలానికి సరిపోవడం. చవకైన ఎల్ఈడీలు నీలం 470 నానోమీటర్ల దగ్గర, ఆకుపచ్చ 525 దగ్గర, ఎరుపు 620 నుంచి 640 దాకా దొరుకుతాయి. డై తాలూకు ఒక రూపం ఈ తరంగదైర్ఘ్యాల్లో ఒకదాన్ని బలంగా పీల్చుకోవాలి, రెండో రూపం దాన్ని దాదాపుగా వదిలివేయాలి. అప్పుడే మార్పు పెద్దదిగా నమోదవుతుంది. బ్రోమోక్రెసాల్ గ్రీన్ క్షారరూపం నీలం, అది 615 నానోమీటర్ల చుట్టూ ఎర్రకాంతిని పీల్చుకుంటుంది. మామిడి గుజ్జు సంగతి చూస్తే, అందులోని కెరోటిన్లు 400 నుంచి 500 దాకా నీలికాంతిని మింగేస్తాయి, ఎర్రకాంతిని ముట్టవు. కనుక ఎర్ర ఎల్ఈడీతో కొలిస్తే గుజ్జు రంగు మన లెక్కలో జోక్యం చేసుకోదు. అదే పసుపు నుంచి నారింజకు మారే డైని ఎంచుకుని ఉంటే డై ఏది, మామిడి ఏది అని తెలియక తికమకపడేవాళ్ళం. నమూనాకు సొంత రంగు ఉన్నచోట డై రంగును నమూనా నిర్ణయిస్తుంది, మన ఇష్టం కాదు.

అణువులో రంగు ఎక్కడి నుంచి వస్తుంది? ఒక కొసన ఎలక్ట్రాన్లు ఇచ్చే గ్రూపు, మరొక కొసన లాక్కునే గ్రూపు, నడుమ ఎలక్ట్రాన్లు అటూ ఇటూ సాగడానికి ఏకాంతర ద్విబంధాల మార్గం. ఇచ్చేవాడు ఎంత ఉదారుడైతే, తీసుకునేవాడు ఎంత ఆశపోతైతే, మార్గం ఎంత పొడవైతే, శోషణ అంత పొడవు తరంగదైర్ఘ్యానికి, అంటే ఎరుపు వైపు జరుగుతుంది. హైడ్రాక్సిల్ ప్రోటాన్ పోగానే ఋణావేశమున్న ఆక్సిజన్ అవుతుంది. అది హైడ్రాక్సిల్ కంటే ఎంతో ఉదారమైన దాత. అందుకే క్షారంలో ఈ అణువులు పసుపు నుంచి ఎరుపుకో, నీలానికో మారతాయి.

ఇక్కడొక చిక్కు ఉంది, ఎమ్మెస్సీ విద్యార్థులు దీన్ని గమనించాలి. పీకేఏను మార్చడానికి మనం వాడే గ్రూపులే రంగునూ మారుస్తాయి. తీసుకునే కొసన ఇంకా బలమైన ఆకర్షక గ్రూపు పెట్టామనుకోండి, రంగు ఎరుపు వైపు పోతుంది, మంచిదే, కాని పీకేఏ కూడా దిగుతుంది. ఇచ్చే కొసన హైడ్రాక్సిల్ పక్కనే క్లోరిన్ పెట్టామనుకోండి, పీకేఏ దిగుతుంది, కాని దాత ఉదారత కొంత తగ్గి రంగు కొంచెం వెనక్కి జరుగుతుంది. ఒకటి కదిపితే రెండోది కదులుతుంది. అనుభవం ఉన్న రూపకర్తలు చేసేదేమిటంటే, రంగును ముందుగా పొడవాటి మార్గంతో స్థిరపరచి, ఉదాహరణకు ఒక వలయపు ఫీనాల్ బదులు రెండు వలయాల నాఫ్తాల్ వాడి, ఆ తరువాత హైడ్రాక్సిల్ పక్క స్థానాల్లో క్లోరిన్, మీథైల్ వంటి చిన్న ప్రతిక్షేపకాలతో పీకేఏను సవరించుకుంటారు. అక్కడ పీకేఏ మార్పు ఎక్కువ, రంగు మార్పు తక్కువ. రెండు నైట్రోజన్ల వంతెన ఉన్న ఎజో డైలలో నాఫ్తాల్ వాడితే ఎజో రూపం, హైడ్రజోన్ రూపం అనే మరొక సమతాస్థితి వచ్చి కూర్చుంటుంది. దాని గురించి చెప్పబోతే సాయంత్రం చాలదు కనుక దాటవేస్తున్నాను.

ఇంతవరకు చెప్పినది ద్రావణంలోని డై గురించి. ఇప్పుడు నాకు అసలు ముఖ్యమనిపించే మాటకు వస్తున్నాను. డైని ఎక్కడ పట్టి ఉంచుతాం, దేనితో పట్టి ఉంచుతాం అన్నది తేల్చకుండా పీకేఏ గురించి, రంగు గురించి నిర్ణయాలు తీసుకోవడం ఇల్లు కట్టే స్థలం చూడకుండా గడప కొలతలు తీసుకోవడం వంటిది. చాలామంది చేసేది అదే. ముందు అందమైన రంగు అణువును తయారుచేసి, ఆఖరున దాన్ని ఏదో ఒక పొరలో ఇరికిస్తారు. పొరలోకి పోగానే పీకేఏ ఒక యూనిట్ పక్కకు జరిగిందని, వారం రోజుల్లో రంగు కారిపోయిందని వాపోతారు. రూపకల్పన పట్టు వైపు నుంచి మొదలుకావాలన్నది నా వాదన.

రంగును పట్టి ఉంచడం గురించి మన ప్రాంతంవారికి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు ముందుగా బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో తడుపుతారు. ఎరుపు కావలసిన చోట మాత్రం పటిక నీటితో కలం గీస్తారు. తరువాత బట్టంతా ఎర్రరంగు వేళ్ళతో కలిపి ఉడికించినా పటిక ఉన్నచోటే ఎరుపు పడుతుంది. పటికలోని అల్యూమినియం ఒక చేత్తో నూలును, మరొక చేత్తో రంగు అణువును పట్టుకుంటుంది. స్వర్ణముఖి నీటిలో జాడించినా ఆ ఎరుపు పోదు. అయితే ఇదే పద్ధతిని సెన్సార్‌కు వాడగలమా? వాడలేం. అల్యూమినియం పట్టుకునేది రంగు అణువులోని ఆక్సిజన్‌లనే, ప్రోటాన్ వచ్చిపోవలసిన గడప కూడా అదే. ఆ గడపను అల్యూమినియం మూసేస్తే ఇక పీహెచ్‌ను చూసేది ఎవరు? బట్టకు కావలసినది మారని రంగు, మనకు కావలసినది మారగలిగి కూడా కదలని రంగు. కనుక పట్టు అణువులో ఒక చోట, ప్రోటాన్ గడప మరొక చోట ఉండాలి.

సల్ఫోన్‌థాలీన్లను పొరలో నిలపడానికి సాధారణంగా చేసేది, వాటి సల్ఫోనేట్ ఋణావేశానికి జతగా పొడవాటి తోకలున్న ధనావేశపు అమ్మోనియం అయాన్‌ను ఇచ్చి, ఆ జంటను నీటిలో కరగనిదిగా చేసి పాలిమర్‌లో కలపడం. పని జరుగుతుంది, కాని జంట నెమ్మదిగా విడిపోతుంది, ముఖ్యంగా డిటర్జెంట్లు, ఉప్పు ఉన్నచోట. సిలికా జెల్ పొరలో ఇరికించడం మరొక దారి. టెట్రాఇథాక్సీసిలేన్‌ను నీటితో చర్య జరిపించి గాజు వంటి పొర చేస్తారు. రంధ్రాలు పెద్దవైతే డై కారుతుంది, చిన్నవైతే ప్రోటాన్లు లోపలికి పోవడానికి గంటలు పడుతుంది, ఎండబెట్టినప్పుడు పొర పగుళ్ళు ఇస్తుంది. ఒక్కసారి వాడి పారేసే పట్టీలకు ఇవన్నీ చాలు. గాయం మీద కట్టే పట్టీలో మాత్రం కుదరదు. ఆరోగ్యమైన చర్మం పీహెచ్ 4, 6 మధ్య ఉంటుంది, మానని పుండు 7 దాటి పోతుంది, కనుక కట్టు విప్పకుండానే పుండు స్థితి తెలియాలన్న ఆలోచన మంచిదే. కాని ఆ డై శరీరంలోకి కారకూడదు. ఒక్క అణువు కూడా కారకూడదని వైద్యుడు అడిగితే సమయోజనీయ బంధం, అంటే ఎలక్ట్రాన్లను పంచుకునే గట్టి రసాయన బంధం, తప్ప వేరే జవాబు లేదు.

ఆ బంధం మనకు వస్త్ర పరిశ్రమ నుంచి వచ్చింది. 1954లో ఇంగ్లండులోని ఐసీఐ కంపెనీలో రాటీ, స్టీఫెన్ అనే ఇద్దరు, నూలులోని సెల్యులోజ్‌తో నేరుగా రసాయన బంధం ఏర్పరచే డైలను కనుగొన్నారు. కొద్ది కాలానికే జర్మనీలో హెక్స్ట్ కంపెనీ వినైల్ సల్ఫోన్ రకాన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఈనాడు మీరు కట్టుకున్న నూలు చొక్కాల రంగుల్లో చాలావాటికి ఈ రెండు కుటుంబాలతో చుట్టరికం ఉంటుంది. వినైల్ సల్ఫోన్ డై కొసన సల్ఫేట్ ఎస్టర్ ఉంటుంది. సోడియం కార్బొనేట్ వంటి క్షారం తగలగానే సల్ఫేట్ ఊడిపోయి ద్విబంధం బయటపడుతుంది. సెల్యులోజ్‌లోని హైడ్రాక్సిల్ ఆ ద్విబంధం మీద చేరి ఈథర్ బంధంగా స్థిరపడుతుంది. ఆస్ట్రియాలోని గ్రాజ్, జర్మనీలోని రీజెన్స్‌బర్గ్ పరిశోధకులు, ముఖ్యంగా గెర్హార్డ్ మోర్, ఓట్టో వోల్ఫ్‌బైస్, ఈ చర్యను పీహెచ్ సెన్సార్లకు తీసుకువచ్చారు. పాలియెస్టర్ రేకు మీద పలుచని సెల్యులోజ్ పొర, ఆ పొరకు బంధించిన హైడ్రాక్సీ ఎజో డై.

ఈ అణువులో నాకు నచ్చేది దాని పొదుపు. డైకి ఒక కొసన ఎలక్ట్రాన్లు లాక్కునే గ్రూపు కావాలి అన్నాను కదా. సల్ఫోన్ గ్రూపు స్వయంగా బలమైన ఆకర్షక గ్రూపే. అంటే పట్టుకునే చెయ్యి, రంగుకు కావలసిన ఆకర్షకం, రెండూ ఒకే గ్రూపు. అంతకంటే ముఖ్యమైనది, ద్రావణంలో ఉన్నప్పుడు దాని కొసన హైడ్రాక్సీఇథైల్, పొరకు అంటుకున్నాక ఆ హైడ్రాక్సిల్ స్థానంలో సెల్యులోజ్ ఆక్సిజన్. ఎజో వలయం వైపు నుంచి చూస్తే రెండూ ఒకటే, సల్ఫోన్ పక్కన రెండు కార్బన్లు. కనుక బంధం ఏర్పడినా ఆ బంధం వల్ల రంగు మారదు. ప్రోటాన్ గడప అణువు అవతలి కొసన, ఎవరూ ముట్టకుండా ఉంది. పీకేఏ మార్చాలంటే ఆ అవతలి వలయంలోనే మార్పులు చేసుకోవచ్చు, ఇవతలి పట్టును కదపనక్కరలేదు. పట్టు వైపు నుంచి మొదలుపెట్టమని నేను అన్నది ఇందుకే. పట్టు ఉన్న సగమైన ఒకే డయజోనియం లవణాన్ని వేర్వేరు ఫీనాల్‌లతో కలిపితే ఒకే పట్టు, వేర్వేరు పీకేఏలు గల డైల వరుస చేతికి వస్తుంది. ఒక పొరలో రెండు మూడు డైలను, పీకేఏలు ఒకటిన్నర రెండు యూనిట్ల తేడాతో, రంగులు దాదాపు ఒకేలా ఉండేట్టు కలిపితే ఇందాక చెప్పిన ఇరుకు పరిధి సమస్య కూడా చాలావరకు తీరుతుంది. ఒకటి గుడ్డిదయ్యే చోట మరొకటి కళ్ళు తెరుస్తుంది.

సల్ఫోన్‌థాలీన్ కంటే ఇది మేలని చెప్పడానికి ఇంకొక కారణం ఉప్పు. వెనుక వరుసలవారికి ఇది వింతగా తోచవచ్చు. పీహెచ్ ఏమీ మారకుండా నీటిలో ఉప్పు మాత్రమే పెంచితే డై తన రంగు మారుస్తుంది. కారణం, చుట్టూ అయాన్లు పెరిగితే ఎక్కువ ఆవేశం ఉన్న రూపం మరింత నిలకడ పొందుతుంది, దాని వల్ల పీకేఏ జరుగుతుంది. ఎంత జరుగుతుందనేది ఆవేశం మీద ఆధారపడి ఉంటుంది. డిబై, హుకెల్ సిద్ధాంతం ప్రకారం, ఆమ్లరూపం తటస్థంగా ఉన్న డైకి ఈ దోషం ఒక వంతు అనుకుంటే, ఆమ్లరూపం మీద ఒక ఋణావేశం ఉంటే మూడు వంతులు, రెండు ఉంటే ఐదు వంతులు. బ్రోమోక్రెసాల్ గ్రీన్‌కు సల్ఫోనేట్ ఉంది కనుక అది మూడు వంతుల తరగతి. సల్ఫోన్ పట్టు ఉన్న హైడ్రాక్సీ ఎజో డై ఆమ్లరూపంలో తటస్థం, అది ఒక వంతు తరగతి. చెమట, మూత్రం, రొయ్యల చెరువు నీరు, వీటిలో ఉప్పు గంటగంటకు మారుతుంది. అటువంటి చోట్ల ఈ తేడా కాగితం మీది తేడా కాదు, కొలత నమ్మదగినదా కాదా అన్న తేడా. నీటిలో కరగడానికి సులువని సల్ఫోనేట్ గ్రూపులను ఎడాపెడా తగిలించే అలవాటు వస్త్రాల డైలలో మంచిదే. సెన్సార్ డైలో ఒక్కటి తగిలించే ముందు కూడా రెండుసార్లు ఆలోచించాలి. పొరలోనే ఆవేశాలున్న పాలిమర్ వాడినా ఇదే చిక్కు మరో దారిలో లోపలికి వస్తుంది.

పొర మందం గురించి ఒక్క మాట. ప్రోటాన్ పొర లోపలికి వ్యాపనం ద్వారా చేరుతుంది, పట్టే సమయం మందం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. మందం రెట్టింపైతే సమయం నాలుగు రెట్లు. రంగు ముదురుగా కనబడాలని పొరను మందంగా పూసేవారు జవాబు కోసం ఎక్కువసేపు ఎదురుచూడవలసి వస్తుంది. మేలైన దారి ఏమిటంటే, తక్కువ అణువులతోనే ముదురు రంగునిచ్చే, అంటే మోలార్ శోషణ గుణకం ఎక్కువగా ఉన్న డైని ఎంచుకుని, పొరను కొద్ది మైక్రాన్లకు పరిమితం చేయడం. కాంతి పడితే తామూ వెలుగు చిమ్మే ఫ్లోరసెన్స్ డైలకు ఈ ఇబ్బంది తక్కువ, వాటికి కొద్ది అణువులు చాలు. కాని వాటికి వాటి బాధలు వేరే ఉన్నాయి.

ఫోన్ కెమెరాతో కొలవవచ్చునా అని ప్రసంగానికి ముందే ఒకరు చీటీ పంపారు. కొలవవచ్చు, కాని ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలను నేరుగా నమ్మవద్దు. ట్యూబులైటు కింద ఒక అంకె, ఎండలో ఒక అంకె వస్తుంది. పక్కనే ఒక తెల్లని గుర్తు, ఎన్నటికీ మారని ఒక రంగు గుర్తు పెట్టి, వాటితో పోల్చి వర్ణచ్ఛాయను లెక్కగట్టాలి. పసుపు నుంచి నీలానికి మారే డై ఇక్కడ బాగా పనికివస్తుంది, పసుపు నుంచి నారింజకు మారేది అంతగా పనికిరాదు. ప్రయోగశాల సాధనంలో కూడా ఇదే సూత్రం. రెండు రూపాలూ సమానంగా పీల్చుకునే తరంగదైర్ఘ్యం ఒకటి ఉంటుంది, సమశోషణ బిందువు అంటాం. అక్కడ ఒక కొలత, మార్పు ఎక్కువగా ఉన్నచోట ఒక కొలత తీసుకుని నిష్పత్తి వేస్తే ఎల్ఈడీ మసకబారినా, డై కొంత వెలిసినా లెక్క చాలావరకు చెడదు. 

ఇక్కడి ప్రయోగశాలల్లో ఈ పని మొదలుపెట్టాలనుకునే విద్యార్థులకు కొన్ని పని మాటలు చెబుతాను. వినైల్ సల్ఫోన్ ఎస్టర్‌ను మన దేశపు డై పరిశ్రమ వాడుతూనే ఉంది కనుక అది అరుదైన పదార్థమేమీ కాదు. డయజోటీకరణం, అంటే ఆ డయజోనియం లవణాన్ని తయారుచేయడం, 0, 5 డిగ్రీల మధ్య జరగాలి. మే నెలలో తిరుపతిలో ఈ పని పెట్టుకునేవారు మంచుగడ్డలు ముందుగానే తెప్పించుకోవాలి. ఫీనాల్‌తో కలిపేటప్పుడు క్షారం అవసరమే, కాని ఎక్కువైతే సల్ఫేట్ అక్కడే ఊడిపోయి, పొరకు అంటవలసిన చెయ్యి నీటితో చర్య జరిపి వృథా అవుతుంది. పీహెచ్‌ను బిగబట్టి ఉంచాలి. బంధం వేసిన తరువాత పొరను కడిగిన నీళ్ళు రంగు లేకుండా వచ్చేదాకా కడగాలి. ఆఖరి కడుగు నీటిని కంటితో కాకుండా స్పెక్ట్రోఫోటోమీటరులో చూడాలి. పొర పీకేఏను ద్రావణంలో కొలిచిన విలువతో సరిపెట్టుకోకుండా పొర మీదనే కొత్తగా కొలవాలి, ఆమ్లం నుంచి క్షారానికి ఒకసారి, వెనక్కి ఒకసారి. రెండు వక్రరేఖలు ఒకదాని మీద ఒకటి పడకపోతే పొరలో ఎక్కడో ఆలస్యం ఉందని అర్థం. ఉష్ణోగ్రత రాయడం మరవవద్దు; పీకేఏ దానితో కూడా జరుగుతుంది, మన ఊళ్ళో ఏప్రిల్ పొద్దుటికీ మధ్యాహ్నానికీ ఉన్న తేడా తక్కువేమీ కాదు.

ఆ తరువాత ఉప్పు పరీక్ష. ఒకే పీహెచ్ ఉన్న బఫర్‌ను, అంటే పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణాన్ని, నాలుగైదు సీసాల్లో తీసుకుని, సోడియం క్లోరైడ్‌ను క్రమంగా పెంచుతూ పోయి, ప్రతిసారీ పీహెచ్‌ను గాజు ఎలక్ట్రోడ్‌తో సరిచూసి, పొర ఏమి చెబుతోందో పక్కన రాయండి. వెనక్కి తగ్గకుండా ఈ ఒక్క పరీక్ష చేసినవారి పట్టిక నాకు చూపించండి, వారి డై గురించి గంటసేపు మాట్లాడడానికి నేను సిద్ధం. ఇప్పుడు ప్రశ్నలు ఉంటే అడగవచ్చు.